పడని పదార్థాల చిట్టా పొడవుగా ఉన్నవారు నగరంలో బయట భోంచేయడం ఎలా?

"స్నేహితులు రెస్టారెంటుకు రమ్మంటున్నారు. వెళ్లాలని ఉంది. కానీ సగం పదార్థాలు నాకు గొంతు దిగవు. అక్కడ కూర్చుని ఏం తినాలి, ఏమని చెప్పాలి?" ఈ ప్రశ్న వినని నెల లేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి, ఇక ఒకేచోట రాసి పెడితే మేలనిపించింది.

నేనూ ఆ బాపతు మనిషినే. పుట్టగొడుగు ముక్క పంటి కింద జారితే నాకు ఆ పూట భోజనం ముగిసినట్టే. పచ్చి ఉల్లిపాయ, కరిగి సాగే చీజ్ కూడా అంతే. తిండికి వంకలు పెట్టడమనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే కాబట్టి దాని గురించి బాధపడటం మానేశాను. ఇన్నేళ్లలో నాకు నిజంగా అక్కరకొచ్చిన ప్రశ్న ఒక్కటే: నాకు పడనిది ఈ వంటకంలో పైన వేసేదా, లోపల కలిసి ఉడికేదా? పైన వేసేదైతే వేయవద్దని చెప్పవచ్చు. లోపల కలిసిపోయిందా, బ్రహ్మ దిగి వచ్చినా తీయలేడు. కింద చెప్పేదంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఇది నచ్చని పదార్థాలు ఎక్కువున్నవారి కోసం రాసింది. అలర్జీ ఉన్నవారికి ఈ జాగ్రత్తలు చాలవు. వారు వైద్యుడు చెప్పినదే పాటించాలి.

కావలసినవి

- ఫోనులో రాసుకున్న, పడని పదార్థాల చిట్టా
- వెళ్లబోయే చోటి మెనూ, వీలైతే ముందు రోజే
- ఫోను చేసి మాట్లాడటానికి 5 నిమిషాలు
- బయలుదేరే ముందు తినడానికి గుప్పెడు చిరుతిండి
- మీ సంగతి తెలిసిన స్నేహితులు ఒకరు (లేకపోయినా గడుస్తుంది)

క్షమాపణలు అక్కర్లేదు. వాటిని ఇంట్లోనే వదిలి వెళ్లండి.

1. చిట్టాను సరిగ్గా రాయండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. "టమాటా పడదు" అని రాసుకుంటారు. అలా రాసుకున్న మనిషే టమాటా సాస్‌ను చక్కగా తింటాడు. అంటే పడనిది టమాటా కాదు, పచ్చి ముక్కలోని జారుడు గింజలు. ఈ తేడా రాసుకోకపోతే మెనూలో సగం వంటకాలను మీకు మీరే కొట్టేసుకుంటారు.

ప్రతి పదార్థం దగ్గరా ఆగి, దేనివల్ల పడటం లేదో చూసుకోండి. రుచి వల్లా? వాసన వల్లా? నోట్లో తగిలే తీరు వల్లా? తగిలే తీరే చిక్కయితే మెత్తగా రుబ్బినా, కరకరలాడేలా వేయించినా తినగలరేమో చూడండి. వాసన చిక్కయితే వేడి మీద ఎక్కువ, చల్లారాక తక్కువ. రుచే పడకపోతే ఏ రూపంలో వచ్చినా పడదు, దాన్ని మొదటి వరుసలో రాయండి.

మొత్తం మూడు వరుసలు చాలు: అసలు ముట్టనివి, కనిపిస్తే ఏరి పక్కన పెట్టి మిగతాది తినగలిగినవి, బాగా ఉడికితే పర్వాలేదనిపించేవి. మొదటి వరుసలో 5 దాటితే మళ్లీ చదవండి. సాధారణంగా అందులో రెండైనా రెండో వరుసకు చెందినవే ఉంటాయి.

కొత్తిమీర సబ్బులా ఉందనే వారిని చూసి మిగతావాళ్లు నవ్వుతుంటారు. ఆ ఆకులో ఆల్డిహైడ్లు అనే సమ్మేళనాలుంటాయి. వాటిని పసిగట్టే ఓఆర్‌6ఏ2 అనే వాసన గ్రాహక జన్యువుకూ, ఈ సబ్బు రుచికీ సంబంధం ఉందని 2012లో వెలువడిన పరిశోధన చూపింది. కాబట్టి మొహమాటపడకుండా రాసుకోండి.

2. చోటు మీరే సూచించండి

పెద్ద నగరంలో మనలాంటివాళ్లకున్న సుఖం ఒక్కటే, ఒక చోటు కుదరకపోతే పక్కనే మరొకటి ఉంటుంది. ఆ సుఖం దక్కాలంటే "ఎక్కడికైనా సరే" అనకూడదు. అందరూ తర్జనభర్జన పడకముందే మీరు రెండు పేర్లు చెప్పండి. చాలాసార్లు వాటిలో ఒకటి ఖాయమవుతుంది, ఎందుకంటే చోటు వెతకడమంటే ఎవరికీ ఓపిక ఉండదు.

మనకు అనువైనవి: గాజు అర వెనక పదార్థాలన్నీ విడివిడిగా పెట్టి, మీరు వేలితో చూపించినవి మాత్రమే కలిపి ఇచ్చేవి. కాల్చిన ముక్క, దాని పక్కన కూర, విడిగా చిన్న గిన్నెలో సాస్ వచ్చేవి. వంట గది కళ్లెదుటే కనిపించేవి.

అనువుకానివి: వరుసగా ఏం వస్తుందో వారే నిర్ణయించి పెట్టేవి. మధ్యలో ఒకే పెద్ద పళ్లెం పెట్టి అందరూ పంచుకునేవి. ప్రతి వంటకమూ ఏదో ఒక సాస్‌లో మునిగి వచ్చేవి.

మెనూ 20 పుటలుంటే మనకు ఏదో ఒకటి దొరకకపోదని సంబరపడకండి. అన్ని వంటకాలు చేయాలంటే ఉదయమే నాలుగైదు రకాల ముద్దలు, సాస్‌లు పెద్ద పాత్రల్లో సిద్ధం చేసుకుంటారు. పేర్లు మారతాయి, అడుగున ఉన్న సాస్ అదే. ఆ సాస్‌లో మీకు పడనిది ఉంటే 10 పుటలు ఒక్క దెబ్బకు పోతాయి. రెండు పుటల మెనూ ఉన్నచోట ఎంపిక తక్కువే కానీ, అడిగితే సరైన జవాబు దొరుకుతుంది.

బఫే సంగతి: తినేది ముందే కంటికి కనబడుతుంది, నచ్చినంతే వడ్డించుకోవచ్చు. కానీ ఒక గిన్నెలో గరిటె ఇంకో గిన్నెలోకి వెళుతూనే ఉంటుంది. ఏరి తినేవారికి బాగుంటుంది. అసలు ముట్టనివి ఉన్నవారు మొదట్లోనే వెళ్లి వడ్డించుకోవాలి.

3. మెనూను అనుమానంగా చదవండి

మెనూలో రాసేది వంటకానికి వన్నె తెచ్చే మూడు నాలుగు పేర్లే. లోపల పడేవి డజను ఉండవచ్చు. కొన్ని మాటలు కనిపిస్తే అడగకుండా ముందుకు వెళ్లకండి. "ప్రత్యేక సాస్" అంటే ఏదైనా కావచ్చు. "క్రీమీ" అంటే మీగడ, చీజ్, మయొనైజ్‌లలో ఏదో ఒకటి. "క్రిస్పీ" అంటే పిండిలో ముంచి వేయించారని, ఆ పిండిలో గుడ్డు ఉండవచ్చు. "సీజనల్ కూరగాయలు" అంటే ఆ పూట వారి దగ్గర ఏముంటే అవి.

మెనూలోని ఫొటోల కంటే తినడానికి వచ్చినవారు తీసి పెట్టిన ఫొటోలు నమ్మదగ్గవి. వెలుతురు సరిగ్గా లేకపోయినా పైన ఏం చల్లారో, సాస్ పక్కన వచ్చిందో మీద పోశారో వాటిలో తెలిసిపోతుంది.

అలర్జీ పట్టిక ఉంటే మనకూ పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి 14 రకాల అలర్జీ కారకాల సమాచారం రెస్టారెంట్లు కూడా ఇవ్వాలి. ఆవాలు, నువ్వులు, సెలరీ, గుడ్డు, పాలు వాటిలో ఉన్నాయి. అమెరికాలో ముఖ్యమైన అలర్జీ కారకాల జాబితాలో నువ్వులు 9వదిగా చేరి 2023 జనవరి నుంచి అమలులోకి వచ్చాయి, కానీ అక్కడ అది ప్రధానంగా ప్యాకెట్ల మీద రాసే వివరాలకు సంబంధించిన చట్టం. జాగ్రత్త ఏమిటంటే, ఉల్లి, వెల్లుల్లి, పుట్టగొడుగులు ఈ రెండు జాబితాల్లోనూ లేవు. మనవాళ్లు ఎక్కువగా పేచీ పెట్టేది వాటి దగ్గరే! పట్టికలో లేదు కాబట్టి వంటకంలో లేదనుకుంటే బోల్తా పడతారు.

చదివాక రెండు వంటకాలు ఎంచుకోండి: ఒకటి తినాలనుకున్నది, రెండోది అది కుదరకపోతే తినేది. రెండోది ఎంత సాదాసీదాగా ఉంటే అంత మంచిది. వేయించిన బంగాళాదుంపలు, ఉత్తి అన్నం, కాల్చిన రొట్టె, ఏదైనా సరే.

4. ముందే ఫోను చేయండి

మధ్యాహ్నం భోజనాల హడావిడి తగ్గాక, రాత్రి రద్దీ మొదలుకాకముందు చేయండి. రద్దీలో చేస్తే అవతలి మనిషి ఫోను పెట్టేయాలనే తొందరలో "అన్నీ ఉంటాయండి" అంటారు.

అడగవలసింది ఒకటే: "ఫలానా వంటకంలో ఉల్లిపాయ పైన వేస్తారా, ముద్దలో కలిసి ఉంటుందా?" తెలియకపోతే వంటగదిలో కనుక్కుని చెప్పమనండి. కనుక్కోవడానికి ఒప్పుకున్నారా లేదా అన్నది కూడా ఒక జవాబే.

5. ఆకలితో నకనకలాడుతూ వెళ్లకండి

ఆకలి మీద ఉన్నవారు తొందరపడి ఆర్డరిస్తారు, వచ్చింది నచ్చకపోతే చిరాకుపడతారు. గుప్పెడు వేరుశనగలో, ఒక అరటిపండో తిని వెళ్లండి. వీలైతే అందరికంటే పావుగంట ముందు, రద్దీ లేనప్పుడు చేరుకోండి. అంతకంటే ఈ మెట్టులో చెప్పేదేమీ లేదు.

6. ఆర్డరు చెప్పడం

అసలు పని ఇక్కడే ఉంది. ముందు నాకు జరిగినది చెబుతాను.

ఒకసారి నూడుల్స్ తెప్పించుకుంటూ "ఉల్లిపాయ లేకుండా" అన్నాను. వెయిటర్ తలూపాడు, రాసుకున్నాడు కూడా. పళ్లెం వచ్చింది. పైన ఒక్క ఉల్లిపాయ ముక్క లేదు. సంతోషంగా ఫోర్కు గుచ్చి చుట్టాను. అడుగు నుంచి పైకి లేచిన పోగులకు గోధుమ రంగులో మెత్తటి పొరలు అంటుకుని ఉన్నాయి. నూనెలో మగ్గి మగ్గి గాజు కాగితంలా పల్చబడిన ఉల్లిపాయలవి. అడిగితే వెయిటర్ నిజాయితీగానే అన్నాడు: "మీరు చెప్పినట్టే పైన వేయలేదండి, అది సాస్‌లో ఉండేది." తప్పు అతనిది కాదు. నేను అడిగిన తీరులోనే ఉంది.

అందుకే:

క) అవును, కాదు అని ముగిసే ప్రశ్న వేయవద్దు. "ఇందులో పుట్టగొడుగులు ఉండవు కదా?" అంటే "ఉండవండి" అనే జవాబు నోటికి దానంతటదే వస్తుంది. "ఈ సాస్‌లో ఏమేం వేస్తారు?" అని అడగండి. అప్పుడు ఆలోచించి చెబుతారు, లేదా కనుక్కుని వస్తారు.

ఖ) "కారంగా ఉంటుందా?" అన్నదీ పనికిరాని ప్రశ్నే. అది చెప్పే మనిషి నాలుకను బట్టి ఉంటుంది. "మీ దగ్గర అన్నిటికంటే కారం తక్కువున్నది ఏది?" అనండి. అయినా మంట పుడితే నీళ్లు తాగి లాభం లేదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సేసిన్ నీటిలో సరిగా కరగదు. పాలో, పెరుగో కాస్త ఉపశమనమిస్తాయి.

గ) ఒక వంటకంలో రెండు మార్పులకు మించి అడగవద్దు. మూడోది మర్చిపోతారు. మూడు మార్పులు అవసరమైతే అది మీకు తగిన వంటకం కాదని అర్థం, రెండో ఎంపికకు వెళ్లండి.

ఘ) కోరికలన్నీ ఒకే బరువువి కావు. "వేయవద్దు" అనేది వంటగదికి తేలిక. "పక్కన గిన్నెలో ఇవ్వండి" అన్నదీ తేలికే, సాస్‌ల విషయంలో నేను దీన్నే నమ్ముకున్నాను. "దీని బదులు అది వేయండి" అంటే కాస్త కష్టం, దానికి అదనంగా డబ్బు తీసుకోవచ్చు. "మెనూలో లేనిది చేసి పెట్టండి" అనేది రద్దీ వేళ అడగకపోవడమే మర్యాద.

ఙ) చెప్పాక ఒకసారి తిరిగి చెప్పించుకోండి: "నేను చెప్పింది సరిగ్గా రాశారేమో ఒకసారి చదువుతారా?" వంటవాడికి మీ మొహం కనబడదు, చీటీయే కనబడుతుంది. చీటీలో లేనిది మీరు చెప్పనట్టే.

పెద్ద హెచ్చరిక: నచ్చదని చెప్పడానికి సిగ్గుపడి "అలర్జీ" అని అబద్ధం చెప్పవద్దు. ఆ మాట విన్న వంటగది పని ఆపి కత్తి, పలక, బాణలి మార్చవలసి ఉంటుంది. పాలు పడవని చెప్పి, చివర్లో మీరే ఐస్‌క్రీమ్ తెప్పించుకుంటే వాళ్లు చూస్తారు. రేపు నిజంగా ప్రాణం మీదికి వచ్చేవారు అదే మాట చెప్పినప్పుడు అంత పట్టించుకోకపోవచ్చు. "అలర్జీ కాదండి, నాకు పడదు. కానీ ఉంటే అసలు తినలేను" అంటే చాలు. ఈ మాట నేను లెక్కలేనన్నిసార్లు వాడాను, ఎవరూ మొహం మాడ్చలేదు.

7. పళ్లెం వచ్చాక సరిచూసుకోండి

వెయిటర్ వెనుదిరిగేలోపే చూడాలి. అర నిమిషం పని.

ముందు వాసన. ఆవిరి మీద వచ్చే వాసనలో పడనిది ఉంటే తెలిసిపోతుంది. తర్వాత పై పొర: చల్లిన ఆకులు, గింజలు, తురుము. ఆ తర్వాత చెంచా అంచుతో ఒక పక్క నుంచి అడుగు దాకా దించి, పైకెత్తి చూడండి. నడిమధ్యన కెలకవద్దు, తిప్పి పంపవలసి వస్తే చిందరవందరగా ఉంటుంది. శాండ్‌విచ్, బర్గర్‌లైతే పై ముక్క ఎత్తి చూడటమే. సూప్ అయితే గరిటెతో అడుగున ఒకసారి తిప్పండి, బరువైన ముక్కలు కిందే ఉంటాయి. అన్నీ బాగుంటే చివరగా చిన్న ముద్ద.

చూడటం వల్ల తెలియనిది ఒకటుంది, వేయించే నూనె. చాలా చోట్ల ఒకే బాణలిలో చేపలూ, బంగాళాదుంపలూ వేయిస్తారు. చేప వాసన సోకితే తినలేనివారు ఆ సంగతి ఆర్డరు దగ్గరే అడగాలి.

8. తప్పుగా వస్తే

రెండు ముద్దల్లోపు చెప్పండి. సగం తిన్నాక చెబితే వినేవారికి అనుమానం వస్తుంది, అది న్యాయమే. గొంతు పెంచనవసరం లేదు: "నేను చీజ్ లేకుండా అడిగానండి, ఇందులో ఉంది. మార్చి ఇస్తారా?" అంతే.

మీరు చెప్పడం మర్చిపోయి ఉంటే మాత్రం ఆ తప్పు మీదే. మార్చమని అడగవచ్చు, కానీ డబ్బు కట్టడానికి సిద్ధపడి అడగండి.

మార్చడం కుదరదంటే రెండో ఎంపిక తెప్పించుకోండి. మొత్తం బల్లకు మీ పంచాయతీ వినిపించే కంటే వేయించిన బంగాళాదుంపలతో పూట గడపడం నయం.

9. పక్కనున్నవాళ్లు

"ఒక్క ముద్ద తిని చూడు, ఏమవుతుంది?" అని ఎవరో ఒకరు అంటారు. వాదనకు దిగవద్దు. "నాకు పడదు, నువ్వు హాయిగా తిను" అని మాట మార్చండి. వివరించడం మొదలుపెట్టారా, ఆ సాయంత్రమంతా మీ నాలుక మీదే చర్చ.

మరీ వదలకపోతే ఈ కథ చెప్పండి. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలోకి లేచింది. పక్కనున్నాయన చేదని మొహం చిట్లించాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తగలలేదు. ఒకే గాలి, రెండు నాలుకలు. అక్కడి నుంచే రుచిలో వంశపారంపర్య తేడాల మీద పరిశోధన ఊపందుకుంది.

అందరూ పంచుకునే భోజనమైతే కూర్చోగానే "నాకు ఒక పళ్లెం విడిగా చెప్పుకుంటాను" అనండి. బిల్లు సమానంగా పంచుకుంటారా, ఎవరిది వారు కడతారా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. చివర్లో తేల్చబోతే పీనాసితనంలా కనిపిస్తుంది.

కొత్తది రుచి చూడాలని మీకే అనిపిస్తే, మీ భోజనం మీ ముందు ఉండగా స్నేహితుల పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకోండి. నచ్చకపోతే పోయేదేమీ లేదు. బలవంతం మాత్రం వద్దు.

తరచూ చేసే మరికొన్ని పొరపాట్లు

- ఒక శాఖలో బాగున్నది అదే పేరున్న మరో శాఖలో అలాగే ఉంటుందనుకోవడం. సాస్ ఎక్కడ తయారవుతుందో, పైన ఏం చల్లుతారో మారవచ్చు. మళ్లీ అడగండి.
- ఇంటికి తెప్పించుకునేటప్పుడు సూచనల గడిలో రాసి నిశ్చింతగా ఉండటం. అది ఎవరూ చదవని సందర్భాలే నాకు ఎక్కువ ఎదురయ్యాయి. పడనిది పైన వేసే రకమైతేనే తెప్పించుకోండి.
- "ఏరి తినేస్తానులే" అనుకోవడం. ముక్కలు ఏరవచ్చు, రసం ఏరలేరు.
- ఒకసారి చెడిందని ఆ చోటు పేరెత్తకపోవడం. చెడింది వంటకమా, చోటా చూడండి.

కుదురుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంటికి తిరిగి వెళ్లే దారిలో ఫోనులో మూడు ముక్కలు రాయండి: చోటు, వంటకం, ఏమని చెప్పారో ఆ మాట యథాతథంగా. "సాస్ పక్కన, నువ్వులు వద్దు, సరిగ్గా వచ్చింది" అన్నంత చాలు. నాలుగు సార్లు వెళ్లాక చూసుకోండి. మూడుసార్లు పళ్లెం ఖాళీ అయి ఉంటే మీ పద్ధతి పనిచేస్తోంది. ప్రతిసారీ రెండో ఎంపికే తింటుంటే చిక్కు ఆర్డరులో లేదు, చోటు ఎంపికలో ఉంది. 2వ మెట్టుకు వెళ్లండి. తరచూ తిప్పి పంపవలసి వస్తుంటే 6వ మెట్టు మళ్లీ చదవండి.

ఆ చిట్టానూ ఒకసారి చూడండి. మొదటి వరుస ఏడాదికేడాది పెరుగుతూ, తినగలిగినవి నాలుగైదుకు కుంచించుకుపోతూ, బరువు తగ్గుతుంటే, లేదా తిండి భయంతో మనుషులను కలవడమే మానేస్తుంటే, ఈ చిట్కాలతో సరిపెట్టుకోకండి. అలాంటి స్థితికి ఏఆర్‌ఎఫ్‌ఐడీ (తిండిని దూరం పెట్టే, బాగా పరిమితం చేసుకునే రుగ్మత) అనే పేరుతో వైద్యంలో గుర్తింపు ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగ నిర్ధారణ గ్రంథంలో దాన్ని చేర్చింది. వైద్యుణ్ణి కలవండి, వెళ్లేటప్పుడు ఆ మూడు వరుసల చిట్టాను కూడా తీసుకెళ్లండి.